ఆరున్నొక్కటి

(‘గొర్రెల బాట’ నవల, పన్నెండో భాగం)

అనూహ్యను పోయిన వారం స్కోరు టెంటు ముందర నిలబెట్టి వచ్చేశాం. పాపం, ఆ పిల్ల చేతిలో టోపీతో, చెమట కారుతున్న ముఖంతో ఇంకా అక్కడే ఉంది. పానగల్లు అవతల, గుట్టల నడుమ ఉన్న గోల్ఫ్ మైదానంలో నాలుగు రోజుల అర్హత పోటీ ముగిసింది. ముప్పై ఆరు మంది ఆడితే పై పదిమందికే కార్డు. ఆ కార్డుంటే ఏడాది పొడుగునా ఎక్కడ ప్రొఫెషనల్ టోర్నమెంటు జరిగినా ఎవరి దయా అక్కర్లేకుండా ఆడొచ్చు. లేకుంటే పిలిచినప్పుడు పోవాలి, పిలవనప్పుడు ఇంట్లో కూర్చోవాలి. నిరుడు ప్రొఫెషనల్ అయిన అనూహ్యను నాలుగు చోట్లకు పిలిచారు. నాలుగు చోట్ల నుంచీ రెండో రోజుకే సంచి సర్దుకొని ఇంటికొచ్చింది. ఇప్పుడు బోర్డు మీద ఆమె పేరు పదో వరుసలో ఉంది. తక్కువ షాట్లలో ముగించినవాళ్లే పైన ఉండే ఈ ఆటలో, పదకొండో వరుస కంటే ఒక్కటంటే ఒక్క షాటు తక్కువ.

ఆ బోర్డు చూసి తండ్రి మల్లప్ప ఆగలేకపోయాడు. ఇంగ్లీషు అక్షరం రాకపోయినా పదో వరుస ఏదో ఆయనకు తెలుసు. కంచె అవతల గుట్టమీద మందతో నిలబడ్డ భార్య సోమమ్మ వైపు తిరిగి ఎర్ర తువ్వాల ఊపేశాడు. తువ్వాల ఊపితే బిడ్డ గెలిచినట్టని పొద్దున ఇంట్లో అనుకున్న గుర్తు. గుట్టమీద సోమమ్మ రెండు చేతులూ పైకెత్తి దండం పెట్టింది. ఉప్పలమ్మ తల్లికి మొక్కిన యాట ఏదో కూడా అప్పటికప్పుడే మందలో చూసిపెట్టుకుంది.

పదమూడేళ్ల కిందట ఈ మైదానంలో గడ్డి కోసే మిషన్ పాడైతే, మేపడానికి మల్లప్ప మందను పిలిచారు. మందతో పాటు తొమ్మిదేళ్ల అనూహ్య వచ్చింది. పొదల్లో దొరికిన బంతిని గొర్రెల కర్రతో కొట్టింది. ఆ కథంతా మీకు తెలిసిందే. గొర్రెలు తిరిగి వెళ్లిపోయాయి, పిల్ల మాత్రం ఇక్కడే నిలిచిపోయింది. మల్లప్ప కూడా ఆమె సంచి మోస్తూ ఉండిపోయాడు. సంచి మోసేవాడిని ఆ ఆటలో కేడీ అంటారు. మల్లప్పకు ఆ మాట నచ్చదు. ‘కేడీ అంటే పోలీస్ స్టేషన్ల ఫోటో పెట్టేటోడు’ అంటాడు. 

టెంటులో ఒక బల్ల, మూడు కుర్చీలు. బల్ల అవతల రెఫరీ అమరేందర్. హైదరాబాద్ మనిషి, ముక్కు చివర కళ్లజోడు, మాట తక్కువ. ఇవతల వైజాగ్ నుంచి వచ్చిన భాగ్యశ్రీ. ఆ రోజు ఇద్దరిద్దరుగా ఆడారు, అనూహ్యకు జోడీ ఆమే. ఈ ఆటలో ఎవరి స్కోరు వాళ్లు రాసుకోరు. ఒకరిది ఒకరు రాయాలి, చివర్లో ఇద్దరూ సంతకం పెట్టాలి. అనూహ్య స్కోరు కార్డు రాసింది భాగ్యశ్రీ. బోర్డు మీద పదకొండో వరుసలో ఉన్న పేరు కూడా భాగ్యశ్రీదే.

చివరి హోల్ దగ్గర, రెండడుగుల నుంచి బంతిని లోపలికి దొర్లించే పుట్ జారిపోయినప్పుడు భాగ్యశ్రీ గడ్డిమీద కూర్చుండిపోయింది. ఇది ఆమెకు మూడో ప్రయత్నం. “ఈసారి కూడా కాకపోతే కిట్ అటక మీద పెట్టేస్తాను. గాజువాకలో మా నాన్నగారి టిఫిన్ సెంటర్లో కౌంటరు చూసుకుంటాను” అని నడుస్తూ నడుస్తూ నవ్వుతూనే చెప్పింది. ఇప్పుడు ఏడ్చిన కళ్లతో అనూహ్య కార్డు బల్ల మీద పెట్టి, అడుగున చకచకా సంతకం చేసి పక్కకు జరిగింది.

“నిదానంగ చూసుకో అమ్మా. సంతకం పెట్టి టెంటు దాటినవంటే ఇగ మార్చేది ఉండదు” అన్నాడు అమరేందర్.

అనూహ్య పెన్ను తీసుకొని ఒక్కో హోలు చూసుకుంటూ పోయింది. నాలుగు, అయిదు, మూడు, అన్నీ సరిగ్గా ఉన్నాయి. పదకొండో హోల్ దగ్గర వేలు ఆగింది.

అక్కడ ఆరు అని ఉంది.

ఆమె కొట్టింది ఆరు కాదు.

పదకొండో హోల్ చెరువును చుట్టుకొని పోతుంది. ఒడ్డు వెంట కొడితే దూరమెక్కువ, భయం లేదు. నీళ్ల మీదుగా కొడితే దగ్గరే, కానీ గుండె కావాలి. పొద్దున మల్లప్ప ‘ఒడ్డు వట్టుకొని పోదాం బిడ్డా’ అంటున్నా వినకుండా నీళ్ల మీదుగా కొట్టింది. బంతి బుడుంగుమంది. నీళ్లలో పడ్డందుకు శిక్ష ఒక షాటు. మూడోది పొడుగు గడ్డిలోకి పోయింది. నాలుగోది ఆ గడ్డిలో కొడితే బంతి బెత్తెడు కూడా జరగలేదు, గడ్డి మాత్రం ఎగిరింది. అయిదోదానికి బయటపడి, ఆ తర్వాత రెండు పుట్లకు గాని లోపల పడలేదు. గడ్డిలో కొట్టిన ఆ దిక్కుమాలిన షాటు చూసింది ఇద్దరే, తనూ తండ్రీ. భాగ్యశ్రీ అప్పుడు చెరువుకు అటువైపు ఒడ్డున తన బంతి దగ్గర ఉంది.

అనూహ్య పెన్ను పట్టుకొని అలాగే కూర్చుంది. ఆరు అనే ఉంచేస్తే కార్డు తనది. రాసింది తను కాదు. అడిగేవాళ్లు లేరు, చూసినవాళ్లు లేరు. గుట్టమీద అమ్మ ఇప్పటికే యాటను ఎంచేసింది. నాలుగు చోట్ల నుంచి సంచి సర్దుకొని వచ్చిన రోజులు గుర్తొచ్చాయి. బస్టాండులో దిగంగానే ‘ఏమాయె బిడ్డా?’ అని ఊరంతా అడగడం, ప్రతిసారీ తను నేల చూపులు చూడడం గుర్తొచ్చాయి. ఒక్క సంతకం పెడితే చాలు, ఆ చూపులకు సెలవు. పెడదామనే అనుకుంది. అబద్ధమెందుకు, పెన్ను మొన కాగితాన్ని తాకింది కూడా.

అప్పుడు ఒక మాట యాదికొచ్చింది. చిన్నప్పుడొకసారి పక్కూరి మంద ఎదురై రెండు మందలూ కలిసిపోయాయి. విడదీసి ఇంటికొచ్చి చూస్తే ఒక గొర్రె ఎక్కువుంది. ‘బాపూ, మనకు గొర్రె లాభమొచ్చింది’ అని గంతులేసింది తను. మల్లప్ప ఆ గొర్రె చెవి కోత చూసి, భుజానేసుకొని, తిన్నగా పక్కూరికి నడిచాడు. వెళ్తూ అన్నాడు: ‘మంది గొర్రె మన మందల కలిస్తే లాభం గాదు బిడ్డా. అది రాతిరంతా అరుస్తది. మన గొర్రెలను గూడ పండనియ్యది.’

అనూహ్య పెన్ను కింద పెట్టింది.

“సార్, పదకొండోది తప్పు పడ్డది. ఆరు గాదు, ఏడు కొట్టిన.”

అమరేందర్ కళ్లజోడు పైకి తోశాడు. ఆయన నోరు తెరిచేలోపే భాగ్యశ్రీ గిర్రున తిరిగింది.

“కాదు సార్. ఆరే.”

“అక్కా, ఏడు. గడ్డిల ఒకటి కొట్టిన, నువ్వు చూడలే.”

“నేను లెక్కపెట్టాను. ఆరే వచ్చింది. అయినా అనుమానంతో మీ నాన్నగారినే అడిగాను. ఆరు అన్నారు. ఈ చెవులతో విన్నాను.” భాగ్యశ్రీ బల్ల దగ్గరికి వచ్చింది. “నాకు తెలుసు అనూహ్యా. గాజువాక అనీ, టిఫిన్ సెంటర్ అనీ నేను వాగకుండా ఉండాల్సింది. నేను ఏడవడం చూసి జాలిపడుతున్నావు కదూ? ఒక షాటు దానం చేద్దామనుకున్నావు. నీ దానం నాకొద్దు. ఓడిపోతే ఓడినట్టు ఇంటికెళ్తాను. అంతేగానీ ముష్టి కార్డు పట్టుకొని వెళ్లను.”

“దానం గాదక్కా, నిజం!”

“ఆరే!”

“ఏడు!”

అమరేందర్ ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. “ముప్పై ఏండ్లసంది కార్డులు చూస్తున్న. తక్కువ రాయమని కొట్లాడినోళ్లను మస్తుమందిని చూసిన. ‘నేను ఎక్కువ కొట్టిన’ అని ఒకామె, ‘కాదు నువ్వు తక్కువే కొట్టినవ్’ అని ఓడేటామె, గిసోంటి పంచాయితీ ఎన్నడూ చూడలే. ఆ కేడీని పిలువుండ్రి.”

మల్లప్ప తువ్వాల భుజాన వేసుకొని, చెప్పులు గుమ్మం బయటే విడిచి, నవ్వుకుంటూ వచ్చాడు. ముగ్గురి ముఖాలూ చూశాక ఆ నవ్వు పోయింది.

“మల్లప్పా, పదకొండో హోల్ దగ్గర నీ బిడ్డ ఎన్ని కొట్టింది?”

“గా చెరువు బొందనా సారు?” అన్నాడు మల్లప్ప. హోల్ అనమని కూతురు పదమూడేళ్లుగా పోరుతోంది, ఆయన నోటికి బొంద తప్ప రాదు. “ఆరున్నొక్కటి.”

“విన్నారా సార్? ఆరు అన్నారు!” అంది భాగ్యశ్రీ.

“ఆరు గాదు బిడ్డా. ఆరున్నొక్కటి.”

అనూహ్యకు ఆ క్షణంలో అంతా తెలిసిపోయింది. పొద్దున పదకొండో హోల్ అయ్యాక తను కోపంతో ముందుకు నడిచేసింది. భాగ్యశ్రీ ‘ఎంతండీ?’ అని అడిగింది. బాపు చెప్పాడు. చెప్పాల్సింది తను, చెప్పింది బాపు. అయ్యో, బాపు నోటి నుంచి ఆ అంకె ఎట్లా వస్తుంది!

మల్లప్ప ఇంట లెక్క వేరు. గొర్రెలైనా, గింజలైనా, బంతి మీద పడ్డ దెబ్బలైనా, మొదట ఒకటి అనడు, లాభం అంటాడు. లాభం, రెండు, మూడు అని మొదలుపెడతాడు. ఆరు దాకా బాగానే వస్తాడు. ఆ తర్వాతి అంకె దగ్గర మాత్రం గొంతు పక్కదారి పడుతుంది. ఆ అంకె పలికితే ఏడుపును పేరు పెట్టి పిలిచినట్టేనని ఆయన తల్లి చెప్పింది, ఆమెకు ఆమె తల్లి చెప్పింది. అందుకే ఆరున్నొక్కటి. ఆ తర్వాత మళ్లీ మామూలే, ఎనిమిది, తొమ్మిది. కూతురు ఎన్నో తరగతి అని ఎవరైనా అడిగితే ‘ఆరు అయిపోయింది, ఎనిమిది ఇంకా రాలే’ అని చెప్పిన మనిషి. బొంద అనడానికి భయం లేదు గానీ ఈ అంకెకు మాత్రం భయం. ఊళ్లో అందరూ నవ్వేవారు, ఇంట్లో అనూహ్య కూడా నవ్వేది.

“ఆరున్నొక్కటి అంటే?” అమరేందర్ పెన్ను ఎత్తాడు. “కూడికలొద్దు మల్లప్పా. స్కోరు రాసిన మార్కర్ ఒప్పుకోవాలంటే అంకె చెప్పాలె. సాఫ్‌గ ఒక్క అంకె.”

మల్లప్ప తువ్వాల కొసను వేళ్లకు చుట్టుకున్నాడు. “చెప్పిన గద సారు, ఆరు మీద ఒకటి.”

“చూడండి సార్, తప్పించుకుంటున్నారు” అంది భాగ్యశ్రీ. మాట కటువుగా ఉన్నా ఆమె కళ్లు మాత్రం ఆయన ముఖం మీదే ఉన్నాయి. “పెద్దాయన అబద్ధమాడలేరు. అందుకే ఆ అంకె నోట రావడం లేదు. కూతురు చెప్పమందని ఆరుకు ఒకటి అతికిస్తున్నారు. నిజంగా అన్నే కొడితే, నా కళ్లలోకి చూసి ఆ అంకె చెప్పండి బాబాయిగారూ. ఇప్పుడే ఒప్పుకుంటాను.”

మల్లప్ప కూతురి వైపు తిరిగాడు.

“ఏం జరుగుతాంది బిడ్డా?”

“ఆ అక్క ఆరు అని రాసింది బాపూ. నువ్వు చెప్పింది సగమే విన్నది. ఆరు అంటే కార్డు నాకే. సరిచేస్తే ఇద్దరం సమానమైతం. మళ్ల ఆడాలె.”

మల్లప్ప బయటికి చూశాడు. టెంటు సందులోంచి గుట్ట కనిపిస్తోంది. గుట్టమీద సోమమ్మ ఇంకా చేతులు దించలేదు.

“సోమమ్మకు తువ్వాల ఊపిన గదనే” అన్నాడు మెల్లగా.

“ఊపినవ్ బాపూ.”

“నువ్వే చెప్పినవా, తప్పు పడ్డదని?”

“నేనే.”

ఆయన తల ఊపాడు. ఆ ఊపులో కోపం లేదు. అనూహ్యకు ఒక్కసారిగా ఏడుపు ముంచుకొచ్చింది. తను చేసింది సరైన పని అని తెలిసినా, బాపు తిడతాడేమో అనే భయం ఇంతసేపూ లోపల ఎక్కడో ఉండిందని ఇప్పుడే అర్థమైంది.

“చెప్పు బాపూ. ఒక్కసారి.”

“గా మాట నీ ఆట మీద అననా బిడ్డా? ఇయ్యాల? గీ దినం?” మల్లప్ప అమరేందర్ వైపు తిరిగి, సంజాయిషీ చెప్పుకొంటున్నట్టు చేతులు కట్టుకున్నాడు. “సారు, నవ్వకుండ్రి. గీ పిల్ల పుట్టకముందు, దొడ్డిల గొర్రె పిల్లలను లెక్కవెడుతూ తొందరల గా మాట అన్న. మా అవ్వ నెత్తి కొట్టుకున్నది. వారం తిరగక ముందే చిటుక రోగమొచ్చి పిల్లలన్నీ పోయినయ్. రోగంతోనే పోయినయని పశువుల డాక్టరు చెప్పిండు. నాకూ ఎరుకే. ఎరుకైనా గానీ, గప్పటిసంది నోరు రాదు సారు. గది మళ్ల నా గొర్రెల మీదనే అనలేదు. నా బిడ్డ మీద ఎట్లనాలె?”

ఎవరూ నవ్వలేదు.

“రేపు ఇట్లనే ఇంకొకలు నా లెక్క రాస్తరు బాపూ” అంది అనూహ్య. “నేను కొట్టింది ఎంతో అంత అననీకి మనకే భయమైతే, నేను ఎన్ని కార్డులు తెచ్చుకున్నా దొంగవే గద? ఆ రోజు పక్కూరి గొర్రెను మోసుకపోయినవు. ఇది గూడ మోయి.”

మల్లప్ప భుజం మీద తువ్వాల సర్దుకున్నాడు. భాగ్యశ్రీకి ఎదురుగా వెళ్లి నిలబడ్డాడు. ఆమె అడిగినట్టే కళ్లలోకి చూశాడు. పెదవులు రెండుసార్లు కదిలాయి, గాలి తప్ప ఏమీ రాలేదు. మూడోసారి, మంద మీదికి తోడేలు వస్తే ఎంత గట్టిగా అరుస్తాడో అంత గట్టిగా అన్నాడు.

“ఏడు!”

బయట నీళ్ల సీసాలు మోస్తున్న మనిషి కూడా ఆగి చూశాడు. 

“ఏడు బిడ్డా. గడ్డిల కొట్టింది నేను చూసిన, బంతి కదల్లే. గది గలిపి ఏడు.” ఈసారి మామూలు గొంతుతో అన్నాడు. అని, ఏమవుతుందోనని ఒక నిమిషం ఎదురుచూశాడు. టెంటు కూలలేదు. కూతురు ఎదురుగానే ఉంది, కళ్ల నిండా నీళ్లు, ముఖం నిండా నవ్వు.

భాగ్యశ్రీ కుర్చీలో కూలబడింది. “ఆరున్నొక్కటి” అని తనలో తాను పలికి చూసుకుంది. “చెరువు గాలికి సగం కొట్టుకుపోయిందన్నమాట. నాకు ఆరు దాకే వినబడింది. బాబాయిగారూ, అబద్ధమంటున్నారనుకున్నాను. క్షమించండి.”

“నీదేం తప్పు బిడ్డా. నేనే సగం నోటితోటి చెప్పిన.”

భాగ్యశ్రీ ఆరు కొట్టేసి ఏడు వేసింది, పక్కన సంతకం చేసింది. అనూహ్య కింద సంతకం పెట్టింది. ఈసారి చెయ్యి ఎక్కడా ఆగలేదు. అమరేందర్ కార్డు తీసుకొని, లేచి నిలబడి మల్లప్పతో చెయ్యి కలిపాడు. మల్లప్ప ముందు చెయ్యి లుంగీకి తుడుచుకున్నాడు.

“ఇద్దరిదీ సమానం” అన్నాడు రెఫరీ తర్వాత. “ఉన్నది ఒక్క కార్డు. ఒక్క హోల్ ఆడుండ్రి. ఎవరు తక్కువ కొడితే వాళ్లది. కాగితంల ముందే రాసిపెట్టినం, క్లబ్బుకు దగ్గరున్నదని పదకొండో హోల్.”

అనూహ్య, మల్లప్ప ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. మైదానంలో పద్దెనిమిది బొందలుంటే, అదే బొంద!

బయటికొచ్చేసరికి బోర్డు మీద పేర్లు మారాయి. ఇప్పుడు సోమమ్మకు సంగతి చెప్పాలి. గెలిస్తే తువ్వాల ఊపాలని అనుకున్నారు గానీ, ‘ఆగు, ఇంకా కాలేదు’ అనడానికి ఏ గుర్తూ అనుకోలేదు. మల్లప్ప రెండు చేతులూ అడ్డంగా ఊపాడు. మొగుడు సంతోషం పట్టలేక ఎగురుతున్నాడనుకొని గుట్టమీద సోమమ్మ కూడా ఎగిరింది.

చెరువు ఒడ్డున చీటీ తీస్తే మొదటి వంతు భాగ్యశ్రీకి వచ్చింది. ఆమె నీళ్ల జోలికే పోలేదు. ఒడ్డు వెంట చక్కగా, నిదానంగా కొట్టింది. బంతి పొట్టి గడ్డి నడిమధ్యన ఆగింది. మంచి షాటు. అనూహ్య మనస్ఫూర్తిగా చప్పట్లు కొట్టింది. భాగ్యశ్రీ తల వంచి నవ్వింది.

ఇప్పుడు తన వంతు. తనూ ఒడ్డు వెంట పోవచ్చు. పొద్దున చెయ్యని పని ఇప్పుడు చేస్తే ఎవరూ తప్పుపట్టరు. అనూహ్య బంతి కొట్టే చిన్న కట్టె కోసం సంచి వైపు చెయ్యి చాపింది.

మల్లప్ప సంచిలోంచి పెద్దకట్టె తీశాడు. నీళ్లు దాటించే కట్టె అదొక్కటే. పొద్దున ‘వద్దు బిడ్డా’ అని సంచి మూతికి చెయ్యి అడ్డం పెట్టిన మనిషి, ఇప్పుడు దాని పిడి తువ్వాలతో తుడిచి ఆమె చేతిలో పెట్టాడు.

“బాపూ, నీళ్లు…”

“ఏడు అనే అన్న” అన్నాడు మల్లప్ప. “ఇంక భయమేమున్నది?”

అనూహ్య చెరువును చూసింది. గాలి ఎదురుగా వస్తోంది, పొద్దునంత లేదు. అవతలి ఒడ్డున, తను పొద్దున గడ్డి ఎగరగొట్టిన చోటు ఇక్కడికి కూడా కనిపిస్తోంది. కాళ్లు సర్దుకుంది. ఊపిరి తీసుకుంది. కొట్టింది.

కట్టెకు బంతి తగిలిన చప్పుడు గుట్టకు తాకి తిరిగొచ్చింది. మల్లప్ప దెబ్బల లెక్క తప్పకుండా, ఎప్పటిలాగే అంగీ ఎడమ జేబులోంచి గులకరాయి ఒకటి తీసి కుడి జేబులో వేసుకున్నాడు. సోమమ్మకు వినపడేంత గట్టిగా అన్నాడు:

“లాభం!”

బంతి ఇంకా నీళ్ల మీదే ఉంది.